తనిఖీ ఆపేసుకోమనడం జవాబు కాదు: ప్యాకేజీలు విడుదల చేసేవారికి బహిరంగ లేఖ

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు విడుదల చేసే సంస్థల యాజమాన్యాలకు, రిపాజిటరీలు (ప్యాకేజీలు ఉంచే గోదాములు) నడిపే ఇంజినీర్లకు, ఇన్‌స్టాల్ పేజీలు రాసేవారికి,

నమస్కారం. మీరు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీదే మా పని నడుస్తోంది. మీలో చాలామంది జీతం లేకుండానే, రాత్రిళ్ళు మేలుకుని ఈ పని చేస్తారని కూడా తెలుసు. ఆ కృతజ్ఞత అలాగే ఉంది. ఇక విషయానికి వస్తాను.

నేను ఒక చిన్న సంస్థలో సర్వర్లు చూసుకునే ఉద్యోగిని. ఇప్పుడు చెప్పబోయే సమస్య గురించి ముందు సపోర్ట్ టికెట్ పెట్టాను, తర్వాత ఈమెయిల్ రాశాను, చివరికి ఫోన్ చేశాను. జవాబు రాలేదని కాదు నా ఫిర్యాదు, వచ్చిన జవాబు మీదే. తోటి అడ్మిన్లతో మాట్లాడాక, ఇదే జవాబు వేర్వేరు చోట్ల నుంచి వాళ్ళకూ వచ్చిందని తెలిసింది. అందుకే ఏ ఒక్క సంస్థ పేరూ ఎత్తకుండా మీ అందరికీ రాస్తున్నాను.

జరిగింది ఇది. మేం వాడే ఒక ప్యాకేజీకి, అంటే ఇన్‌స్టాల్ చేసుకోవడానికి కట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్ మూటకు, సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చింది. రాత్రి పదకొండు దాటాక, లాగిన్‌లో ఎవరూ లేరని చూసుకుని అప్‌డేట్ కమాండ్ ఇచ్చాను. మధ్యలో ఆగిపోయింది. ఈ రిపాజిటరీ మీద ఉన్న సంతకాన్ని సరిచూడటం కుదరలేదు, దానికి తగిన పబ్లిక్ కీ (సంతకాన్ని పోల్చి చూసే నమూనా) మీ దగ్గర లేదు అని మెసేజ్. దాని చివర పదహారు అక్షరాల కీ నంబరు. అంతకుముందు వారం దాకా అదే రిపాజిటరీ, అదే సర్వర్, ఏ పేచీ లేకుండా నడిచాయి. అంటే ఈ వారంలో సంతకం పెట్టే కీ మారింది.

దీనికి రెండే అర్థాలు. సంస్థవాళ్ళే కీ మార్చుకుని ఉండాలి. లేదా వాళ్ళ సర్వర్‌లోకి ఎవరో దూరి, తమ సరుకు పెట్టి, తమ కీతో సంతకం చేసి ఉండాలి. నా స్క్రీన్ మీద ఈ రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి.

విడుదల వివరాల్లో వెతికాను. కీ మారిందన్న మాటే లేదు. ఇన్‌స్టాల్ పేజీలో మాత్రం కీ ఫైలు చడీచప్పుడు లేకుండా మారిపోయి ఉంది. ఆ కొత్త కీ మీద పాత కీతో పెట్టిన సంతకమేమైనా ఉందేమోనని తెరిచి చూశాను. అదీ లేదు. టికెట్ పెడితే రెండు ముక్కల్లో జవాబొచ్చింది: మీ సెట్టింగ్స్‌లో ఈ రిపాజిటరీని నమ్మదగినదిగా మార్క్ చేసుకోండి, తనిఖీ అడ్డు రాదు, లేదా పేజీలో ఉన్న కొత్త కీ దింపుకోండి. టికెట్‌కు ‘పరిష్కారమైంది’ అని ముద్ర కొట్టి మూసేశారు.

ఫోన్ చేశాను. లైన్లోకి వచ్చిన అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. కొత్త కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే పొడుగాటి నంబరు) చదివి వినిపించమని అడిగాను. ‘ఒక్క నిమిషం సార్’ అన్నాడు. కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత ఓపిగ్గా, నాలుగేసి అక్షరాల చొప్పున పది గుంపులు, మొత్తం నలభై అక్షరాలు చదివాడు. ‘బి కాదు సార్, డి’ అని మధ్యలో ఒకసారి సరిదిద్దాడు కూడా. నా దగ్గరున్న దానితో పోల్చుకుంటూ వచ్చాను. ఒక్క అక్షరం తేడా లేదు. ఊపిరి పీల్చుకోబోయి, ఎందుకో అడిగాను: ‘ఇది ఎక్కడ చూసి చదివారు?’

‘మన ఇన్‌స్టాల్ పేజీలోనే సార్.’

నేను ఏ పేజీని అనుమానించి ఫోన్ చేశానో అదే పేజీ. ఆ అబ్బాయి తప్పు రవ్వంత కూడా లేదు. చూసి చదవడానికి అతనికి ఇంకో కాగితం మీరు ఇవ్వలేదు.

ఈ వ్యవహారం మీకు తెలియనిది కాదు. కానీ బహిరంగ లేఖ కనుక కంప్యూటర్ పని చేయనివారూ చదువుతారు. వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను.

సంతకం పెట్టేవారి దగ్గర రెండు కీలు ఉంటాయి. ప్రైవేట్ కీ వాళ్ళు దాచుకుంటారు, దానితో సంతకం పెడతారు. పబ్లిక్ కీ అందరికీ ఇస్తారు, దానితో మనం సంతకాన్ని సరిచూసుకుంటాం. సంతకమైన ఫైలులో ఒక్క చుక్క మారినా సరిపోలదు. డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇది గొలుసుకట్టుగా ఉంటుంది. సంతకం పడేది రిలీజ్ అనే ఒక్క ఫైలు మీద. అందులో ప్యాకేజీల జాబితాకు హ్యాష్ (ఫైలులోంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య, ఫైలు మారితే అదీ మారుతుంది) ఉంటుంది, జాబితాలో ఒక్కో ప్యాకేజీకి హ్యాష్ ఉంటుంది. కనుక ప్యాకేజీ మోసుకొచ్చిన మిర్రర్ (నకలు సర్వర్) ఎవరిదైనా, దారిలో ఎవరు ముట్టుకున్నా తెలిసిపోతుంది. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి ఈ తనిఖీ మామూలుగానే జరుగుతోంది. ఫెడోరా లాంటి లినక్స్‌లు వాడే ఆర్‌పీఎం ప్యాకేజీల లోకంలో ఒక్కో ప్యాకేజీ మీదా సంతకం ఉంటుంది. పద్ధతి వేరు, ఉద్దేశం ఒకటే.

ఇక్కడ మొత్తం బరువు ఒక్క ప్రశ్న మీద ఉంది. ఆ పబ్లిక్ కీ నా చేతికి ఎలా వచ్చింది?

బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు నమూనా సంతకం తీసుకుని దాచుకుంటారు. చెక్కు వచ్చినప్పుడు దానితో పోల్చి చూస్తారు. చెక్కు తెచ్చిన మనిషే జేబులోంచి నమూనా సంతకం కూడా తీసి, ‘దీనితో పోల్చుకోండి’ అంటే గుమస్తా ఏమంటాడు? మీ ఇన్‌స్టాల్ పేజీలు మమ్మల్ని చేయమంటున్నది సరిగ్గా అదే పని. ప్యాకేజీ ఏ సర్వర్‌లో ఉందో కీ కూడా అక్కడే. సర్వర్ చేజారితే రెండూ ఒకేసారి చేజారతాయి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఫైళ్ళు పంపుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్ వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4 మూలప్రతిని దాని అసలు డౌన్‌లోడ్ సైట్‌లోనే ఎవరో మార్చిపెట్టారని 2011 జూలై మొదట్లో బయటపడింది. యూజర్ పేరులో నవ్వు ముఖం, అంటే కోలన్, కుడి బ్రాకెట్ కలిపి కొడితే చాలు, 6200 నంబరు నెట్‌వర్క్ పోర్టులో దొంగ తలుపు తెరుచుకునేలా చేశారు. అక్కడ రచయిత సంతకం పనికొచ్చింది. మార్చిన ఫైలును ఆయన కీతో సరిచూస్తే ‘చెల్లని సంతకం’ అని తేలిపోయేది. దాడి చేసినవాడు ఫైలు మార్చగలిగాడు కానీ, ముందే జనం దగ్గరున్న కీని మార్చలేడు కదా.

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌లోకి దూరినవాళ్ళు డౌన్‌లోడ్ లింకును దొంగ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే డిస్కు ఫైలు) వైపు తిప్పారు. పేజీలో ఉండే చెక్‌సమ్‌ను (పోల్చుకోవడానికి ఇచ్చే హ్యాష్‌ను) కూడా మార్చానని దాడి చేసినవాడు తర్వాత ఒక విలేకరితో చెప్పుకున్నాడు. ఆ రోజు జాగ్రత్తపరుడు చెక్‌సమ్ పోల్చుకుని ఉంటే అతనికి నిక్షేపంగా సరిపోయేది! సరిచూసుకోని వాడి కంటే సరిచూసుకున్న వాడే ధీమాగా మోసపోయేవాడు.

మూడోది 2021లో, కోడ్ పరీక్షలను కొలిచే కోడ్‌కవ్ సంస్థ ఉదంతం. వాళ్ళ అప్‌లోడర్ స్క్రిప్టును (కస్టమర్లు తమ యంత్రాల్లో నడిపే చిన్న ప్రోగ్రామును) జనవరి 31 నుంచి ఎవరో మార్చి పెట్టారు. ఏప్రిల్ 1 దాకా, రెండు నెలల పాటు ఎవరికీ తెలియలేదు. ఎలా బయటపడిందంటే, ఒక కస్టమర్ తను దింపుకున్న స్క్రిప్టు హ్యాష్‌ను గిట్‌హబ్ అనే వేరే సైటులో ఉంచిన హ్యాష్‌తో పోల్చి చూశాడు. సరిపోలలేదు. సరుకు ఒక దారిన వచ్చింది, నమూనా ఇంకో దారిన వచ్చింది కాబట్టి దొంగతనం దొరికింది. రెండూ ఒకే సర్వర్‌లో ఉండి ఉంటే ఇంకెన్ని నెలలు సాగేదో. ఈ కథకే ఇంకో కొస ఉంది. ఆ దాడి వల్ల తమ విడుదలల మీద సంతకం పెట్టే జీపీజీ (సంతకాలు పెట్టే, సరిచూసే సాఫ్ట్‌వేర్) కీ బయటపడిందని హాషీకార్ప్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ సంస్థ అదే నెలలో ప్రకటించి కీ మార్చింది. ఎందుకు మార్చారో, ఏ కీ రద్దయిందో చెప్పింది. కీ మార్చాల్సిన పరిస్థితి ఎవరికైనా వస్తుంది. నోరు విప్పి చెప్పడమే తేడా.

ఇప్పుడు ‘తనిఖీ ఆపేసుకోండి’ అన్న మీ జవాబు ఎవరి మీద ఎలా పడుతుందో చెబుతాను.

1. ఆపేసిన తనిఖీని ఎవరూ మళ్ళీ వెలిగించరు. ‘ఈ ఒక్క రాత్రికి’ అని రాసిన ఆ ఒక్క లైను సెట్టింగ్స్ ఫైలులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అక్కడి నుంచి ఆటోమేషన్ స్క్రిప్టులోకి, స్క్రిప్టు నుంచి కొత్త సర్వర్ల ఇమేజీలోకి పాకుతుంది. రాసినవాడు ఉద్యోగం మారి వెళ్ళిపోతాడు. తర్వాత వచ్చినవాడు ఆ లైను ఏదో కారణంతోనే ఉండి ఉంటుందనుకుని ముట్టుకోడు. ఇలాంటివి రెండు నేనే తవ్వి తీశాను. అందులో ఒకటి ఎవరు రాశారా అని చూస్తే కింద నా పేరే ఉంది.

2. నాన్నా పులి కథ. కీ గడువు తీరిపోయిందనో, మార్చి చెప్పలేదనో సంతకం ఎర్రర్ పదిసార్లు వస్తుంది. పదిసార్లూ పులి ఉండదు. మనిషికి అలవాటు పడుతుంది. ఆ మెసేజ్‌ను వెతికితే మొదట కనిపించే కమాండ్‌ను తెచ్చి అతికిస్తాడు, ఎర్రర్ పోతుంది, హమ్మయ్య అనుకుని నిద్రపోతాడు. పదకొండోసారి నిజంగా పులి వచ్చినప్పుడూ అదే చేస్తాడు. అతన్ని అలా తయారుచేసింది ముందటి పదిసార్లే.

3. దెబ్బ తగిలేది కమాండ్ కొట్టినవాడికి కాదు. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దానిలోని స్క్రిప్టులు రూట్ అధికారంతో నడుస్తాయి. అంటే దొంగ ప్యాకేజీ ఒక్కసారి లోపలికి వస్తే ఆ యంత్రం మీద దానికి అడ్డు లేదు. ఆ యంత్రంలో ఉండేది ఎవరి వివరాలు? రక్తపరీక్ష రిపోర్టు కోసం కూర్చున్న మనిషివి, ఫీజు కట్టిన విద్యార్థివి, పింఛను జమ అయిందో లేదో చూసుకునే పెద్దాయనవి. వాళ్ళు కమాండ్లు కొట్టే టెర్మినల్ అనేది ఎప్పుడూ చూసి ఉండరు. కీ లేదన్న మెసేజ్ వాళ్ళకు రాలేదు, అవునా కాదా అని వాళ్ళనెవరూ అడగలేదు. పేరు, ఫోను నంబరు, జబ్బు వివరం ఒకసారి బయటికి పోతే వెనక్కి రావు. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ మార్చుకోలేరు. అర్ధరాత్రి నిద్రకళ్ళతో ఒక అడ్మిన్ తీసుకున్న నిర్ణయం వాళ్ళ నెత్తిన పడుతుంది. ఆ నిర్ణయాన్ని అతని చేతిలో పెట్టింది మీ రెండు ముక్కల జవాబు.

4. జాగ్రత్తగా ఉన్నవాడికే శిక్ష. నమ్మకం కుదరక అప్‌డేట్ ఆపుకున్నవాడు పాత వెర్షన్‌లో, అందరికీ తెలిసిన కన్నంతో మిగిలిపోతాడు.

5. కొత్తగా ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు మీ పేజీ చూసే నేర్చుకుంటారు. స్క్రిప్టును నెట్ నుంచి తెచ్చి, చదవకుండా, నేరుగా రూట్ అధికారంతో నడిపించే ఆ ఒక్క లైను కమాండ్ వాళ్ళకు మొదటి పాఠం అవుతోంది.

మీ వైపు నుంచి వచ్చే మాటలు కూడా నాకు తెలుసు. వాటిలో న్యాయం ఉన్నవీ ఉన్నాయి.

సంతకం ఉన్నంత మాత్రాన సరుకు మంచిదని కాదు. నిజమే. 2020 డిసెంబరులో బయటపడ్డ, సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ మీద జరిగిన దాడిలో, తయారీ దశలోనే దొంగ కోడ్ కలిసింది. దాని మీద పడింది అసలు సంతకమే. దాదాపు 18,000 మంది కస్టమర్లకు అది సక్రమంగా చేరింది. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే టూల్‌లో దాచిన దొంగ కోడ్‌ను బయటపెట్టిన ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్‌కు దారి చూపింది సంతకం కాదు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటన్న చిరాకు. ఆ 5.6.0, 5.6.1 వెర్షన్ల ఫైళ్ళ మీద సంతకం చేసింది ఆ ప్రాజెక్టులో నమ్మకం సంపాదించుకున్న మనిషే. సంతకం చెప్పేది ఒక్కటే: ఈ ఫైలు ఫలానా కీ ఉన్నవారి చేతి నుంచి వచ్చింది, దారిలో మారలేదు. ఆ చేయి మంచిదా కాదా అన్నది అది చెప్పదు. అయితే తలుపుకు గడియ ఉన్నా ఇంట్లోవాడే దొంగ కావచ్చు కదా అని గడియ పీకేసుకుంటామా?

ఎవరూ సరిచూసుకోరు, మేమెందుకు కష్టపడాలి అనేది రెండో మాట. దీనికి మీ దగ్గర గట్టి ఉదాహరణ ఉంది. 2023 మేలో పైథాన్ ప్యాకేజీల సూచిక పైపీఐ పీజీపీ (జీపీజీ వాడే పద్ధతి) సంతకాలను తీసేసింది. అంతకుముందు మూడేళ్ళలో సంతకాలు పెట్టిన 1069 కీలను పరిశీలిస్తే, అర్థవంతంగా సరిచూడగలిగినవి 36 శాతమే అని తేలింది. మిగతా వాటిలో దాదాపు సగానికి పబ్లిక్ కీ ప్రధాన కీ సర్వర్లలో (ఎవరైనా పబ్లిక్ కీలు ఉంచగల సర్వర్లలో) ఎక్కడా దొరకలేదు. తీసేయడం మంచిపనే అంటాను. సరిచూడలేని సంతకం గోడ మీద గీసిన తలుపు లాంటిది. కానీ ఈ లెక్కను నేను మీకు అనుకూలంగా చదవలేకపోతున్నాను. జనం బద్ధకస్తులని అది చెప్పడం లేదు. సంతకం పెట్టినవాళ్ళు కీని చేరాల్సిన చోటికి చేర్చలేదని చెబుతోంది. అదే పైపీఐ 2024 నవంబరులో కొత్త పద్ధతిలో ధ్రువీకరణలు తెచ్చింది. అందులో దీర్ఘకాలం దాచుకోవాల్సిన కీ బెడదే లేకుండా, ప్యాకేజీ ఎక్కడ తయారైందో దానితో ముడిపెడతారు. 2021లో మొదలైన సిగ్‌స్టోర్ అనే సంతకాల ప్రాజెక్టు వేసిన బాట అది. జీపీజీ పాతబడిందంటారా, సంతోషంగా ఇటు రండి. పాతదీ సరిగా చేయక, కొత్తదీ మొదలుపెట్టక మధ్యలో నిలబడితే మాత్రం ఒప్పుకోలేం.

కీ సర్వర్లో పెట్టాం, నంబరు ఇచ్చాం, వెతుక్కోండి అనేవాళ్ళూ ఉన్నారు. ఎనిమిది అక్షరాల పొట్టి నంబరుకు సరిపోయే దొంగ కీని సెకన్లలో పుట్టించవచ్చని 2014లోనే చూపించారు. 2016కల్లా లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పేరుతోనే అలాంటి నకిలీ కీ సర్వర్లలో కనిపించింది. 2019 జూన్‌లో కొందరి కీల మీద వేలకు వేలు చెత్త సంతకాలు కుమ్మరిస్తే, వాటిని దింపుకున్నవాళ్ళ జీపీజీయే కదలకుండా పోయింది. ఎవరైనా ఏదైనా పడేసి పోగల చోటును చూపించి సాక్ష్యం అనడం కుదరదు.

సరిగా చేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి విడుదలలోనూ తర్వాతి విడుదల పబ్లిక్ కీని ముందే పెట్టి ఇస్తుంది. కనుక నమ్మకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి తెగకుండా అందుతుంది. క్యూబ్స్ ఓఎస్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు తమ సైటును కూడా నమ్మొద్దంటారు. ఫింగర్‌ప్రింట్‌ను సభల్లో చూపించిన స్లైడ్లలో, వీడియోల్లో, ఆఖరికి టీషర్టు మీద కూడా చూసి పోల్చుకోమంటారు. వినడానికి నవ్వొస్తుంది కానీ, ఇంతమంది తొడుక్కుని తిరిగే చొక్కాలను హ్యాక్ చేయడం ఎవడి తరం? 2008 ఆగస్టులో ఫెడోరా సర్వర్లలోకి చొరబాటు జరిగినప్పుడు, కీ దొంగల పాలైందన్న ఆధారం దొరకకపోయినా కీలు మార్చి, ఎందుకు మారుస్తున్నారో చెప్పారు. 2025 ఏప్రిల్‌లో కాలీ లినక్స్ వాళ్ళు రిపాజిటరీ సంతకం కీని పోగొట్టుకున్నారు. అది ఎవరి చేతికీ చిక్కలేదు, తామే దాన్ని వాడుకోలేని స్థితికి తెచ్చుకున్నారు. తప్పు మాదే అని రాసి, మీకు ఫలానా ఎర్రర్ వస్తుంది, ఇదీ కొత్త కీ అని ముందుగానే చెప్పారు. పాత కీ లేక గొలుసు తెగింది, అది పెద్ద లోపమే. అయినా ఆ ప్రకటన చదివినవాడు అర్ధరాత్రి నాలాగా తల పట్టుకుని కూర్చోలేదు.

మేం అడుగుతున్నవి ఇవి.

1. సంతకం ఎర్రర్‌కు తనిఖీ ఆపేయమనే జవాబును మీ సపోర్ట్ పుస్తకంలోంచి, ఇన్‌స్టాల్ పేజీల్లోంచి, పాత టికెట్లలోంచి తీసేయండి. మిగతావి చేయడానికి టైమ్ పట్టవచ్చు. దీనికి ఒక్క మధ్యాహ్నం చాలు.

2. కీ మార్చేటప్పుడు కొత్త కీ మీద పాత కీతో సంతకం పెట్టి విడుదల చేయండి. కనీసం కొన్ని నెలల ముందు నుంచే కొత్త కీని మామూలు అప్‌డేట్ ద్వారా మా యంత్రాలకు చేర్చండి. డెబియన్ తన కీలను ఒక ప్యాకేజీగానే పంపుతుంది, మీరూ పంపవచ్చు. పాత కీ పోయిందో, దొంగల పాలైందో అయితే ఆ మాటే స్పష్టంగా రాయండి. దాచిపెడితే ప్రతి అడ్మిన్ మనసులో అంతకంటే పెద్ద అనుమానం లేస్తుంది.

3. పూర్తి ఫింగర్‌ప్రింట్‌ను, నలభై అక్షరాలూ, ప్యాకేజీలున్న సర్వర్‌తో సంబంధం లేని కనీసం రెండు చోట్ల పెట్టండి. వేరే యాజమాన్యంలో ఉన్న కోడ్ రిపాజిటరీ కావచ్చు, అచ్చయ్యే పత్రం కావచ్చు, సభలో చూపే స్లైడ్ కావచ్చు. పొట్టి నంబర్లు వద్దు.

4. మీ ఫోన్ సిబ్బందికి ఆ ఫింగర్‌ప్రింట్ ఉన్న కాగితం ఇవ్వండి. వెబ్ పేజీ చూసి కాక, ఆ కాగితం చూసి చదవమని చెప్పండి. నాతో మాట్లాడిన ఆ అబ్బాయి కోసమైనా ఈ పని చేయండి.

5. కీని ఒకే రిపాజిటరీకి కట్టి ఉంచే పద్ధతినే పేజీలో చూపించండి. కీలు చేర్చే ఏపీటీ-కీ కమాండ్‌ను పక్కన పెట్టమని, డెబియన్‌లో ప్యాకేజీలు వేసే ఏపీటీ తయారుచేసేవాళ్ళే ఏళ్ళుగా చెబుతూ వచ్చినా, ఇంకా చాలా పేజీల్లో అదే ఉంది. ఆ దారిన వేసిన కీని యంత్రం అన్ని రిపాజిటరీలకూ నమ్ముతుంది. ఫోటోల సైజు తగ్గించే చిన్న టూల్ కీ, ఆపరేటింగ్ సిస్టమ్ రిపాజిటరీకి కూడా హామీ సంతకం పెట్టగలదన్నమాట. వేరే ఫైలులో కీ ఉంచి, ఫలానా రిపాజిటరీ ఫలానా కీతోనే అని రాయడానికి ఒక్క లైను ఎక్కువ పడుతుంది, అంతే.

6. అసలు కీని నెట్‌కు తగలని చోట ఉంచి, రోజువారీ సంతకాలకు దాని కింద పుట్టించే ఉపకీలు వాడండి. రద్దు పత్రం (ఈ కీ ఇక చెల్లదని చెప్పేది) ముందే తయారుచేసి పెట్టుకోండి. చేతులు కాలాక వెతుక్కునేది కాదు అది. గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. గడువు తీరిన కీ వల్ల ఆగిపోయిన అప్‌డేట్లే నేను చూసిన ఎర్రర్లలో ఎక్కువ, వాటిలో ఒక్కదానికీ దాడి కారణం కాదు, మతిమరుపే.

7. కీ విషయం చూసే బాధ్యులెవరో, వాళ్ళకు ఎలా రాయాలో చెప్పండి. సపోర్ట్ టికెట్‌ను మూసేయడం కొలమానంగా పనిచేసేవాళ్ళ చేతిలో ఇది పెట్టవద్దు.

ఇక మా సంగతి. ఆ రాత్రి నుంచి ఆ ప్యాకేజీ పాత వెర్షన్‌లోనే ఉంది. తనిఖీ ఆపలేదు, పేజీలోని కీ వేసుకోలేదు. ఆ సర్వీసును బయటి నెట్‌వర్క్‌కు మూసేశాను. దాంతో ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు అది అందడం లేదు, రోజూ ఒకరైనా వచ్చి ఎప్పుడు బాగవుతుందని అడుగుతున్నారు. ‘కీ విషయం తేలాలి’ అంటే వాళ్ళకు అర్థం కాదు, అర్థం కావాలని నేనూ ఆశించను. మూసేసిన టికెట్‌ను ఈ ఉదయం మళ్ళీ తెరిచాను. అందులో ఒక్క లైనే రాశాను: కొత్త కీ మీద పాత కీతో పెట్టిన సంతకం పంపండి, ఆ రాత్రే అప్‌డేట్ చేసుకుంటాను.

ఇట్లు,
మీ ప్యాకేజీలు రోజూ ఇన్‌స్టాల్ చేసే ఒక సిస్టమ్ అడ్మిన్